లార్నకాలో వేరేవాళ్ళు పెట్టిన కాఫీ

వీరరాఘవరావుగారు ప్లానింగ్ ఇంజనీరు. అంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తవ్వాలో రాసిపెట్టడం, అలా పూర్తవ్వనప్పుడు ఎందుకు అవ్వలేదో మళ్ళీ రాసిపెట్టడం. అబుదాబీ పక్కన ముసఫ్ఫాలో నీళ్ళ ఒడ్డున ఉంటుంది ఆయన కంపెనీ యార్డు. సముద్రంలో నిలబెట్టే పెద్ద పెద్ద ఇనప కట్టడాలు అక్కడ తయారై, బార్జ్ అనే బల్లపరుపు ఓడ ఎక్కి వెళ్తాయి. క్లయింటు తొందరపెడితే 'ఆ తేదీకి కుదరదు' అని మెయిల్ కొట్టడంలో ఆయన్ని మించినవాడు అబుదాబీలో లేడు. అదే మాట ఎదురుగా ఉన్న మనిషితో అనమంటే మాత్రం గొంతు పెగలదు.

ఈ సంగతి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎయిర్‌పోర్టుకి దింపాలన్నా, ఊరినించి వచ్చిన అత్తగారికి పెద్ద మసీదు చూపించాలన్నా, సత్యనారాయణ వ్రతానికి హాలు కావాలన్నా ఆయన ఫోనే మోగుతుంది. ఆయన "అయ్యో, దాందేముందండీ" అంటారు. అన్నాక ఆ జనమంతా ఆయన ఫ్లాట్‌కి వస్తారు. వచ్చినవాళ్ళకి వాళ్ళావిడ శ్రీసుధ కాఫీ పెడుతుంది.

ఆ కాఫీ గురించి ఒక మాట చెప్పాలి. రామచంద్రపురం నించి తెచ్చుకున్న ఇత్తడి ఫిల్టరు, పొద్దున్నే దిగిన చిక్కటి డికాక్షను. తాగినవాళ్ళు మళ్ళీ వస్తారు. ఆవిడ చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

2022లో ఎమిరేట్స్ దేశం మొత్తానికి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాల నించి శని, ఆదివారాలకి మారాయి. అదే ఏడాది వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ చదవడానికి విశాఖ వెళ్ళింది. ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలారు. అంటే, శుక్రవారం సాయంత్రం దాకా.

ఓ సోమవారం భోజనాల దగ్గర ఆయనే కదిపారు. "ఈసారి పెళ్ళిరోజుకి ఏం కావాలి సుధా? గాజులా?"

"గాజులొద్దు. సముద్రం ఒడ్డున కూర్చోవాలి."

"కార్నిష్ ఉందిగా! కార్లో అరగంట."

"కార్నిష్‌కి మనం ఎప్పుడైనా ఇద్దరం వెళ్ళామా? నాలుగు కుటుంబాలు, పెద్ద గిన్నెడు పులిహోర. నేను సముద్రానికి వీపు పెట్టి వడ్డిస్తూ ఉంటా. నాకు వేరేవాళ్ళు పెట్టిన కాఫీ కావాలండీ. నేను తాగుతుంటే మీరు ఎదురుగా కూర్చోవాలి. మూడో మనిషి ఉండకూడదు. అంతే."

ఆయనకి ఇది వింతగా తోచింది. పుట్టినప్పటినించీ ఆయన కాఫీ వేరేవాళ్ళే పెడుతున్నారు మరి. ఆఫీసులో కూడా బల్ల మీదకే వస్తుంది. ఇందులో కోరుకోవడానికి ఏముందో ఆయనకి అర్థం కాలేదు. కాకపోతే దీన్ని ప్లాన్ చెయ్యొచ్చని అర్థమైంది. కళ్ళు మెరిశాయి.

ఇంక ఆ వారమంతా ఆయన మధ్యధరా సముద్రం చుట్టూ తిరిగారు, లాప్‌టాప్‌లో. చివరికి సైప్రస్‌లో లార్నకా తేలింది. నాలుగు గంటల విమానం, చిన్న ఊరు, ఒడ్డు పొడుగునా ఈతచెట్ల లాంటి చెట్లు, వాటి ఎదురుగా హోటళ్ళు. సముద్రం వైపు బాల్కనీ, బాల్కనీలో రెండు కుర్చీలు, కింద కాఫీ హోటలు ఉన్న గది ఒకటి ఇద్దరూ కలిసి ఎంచారు. యాప్ ఆవిడ ఫోన్లో ఉంది కాబట్టి ఆవిడే బుక్ చేసింది. ఆ రాత్రి ఆవిడ ఆ బాల్కనీ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంది. కుర్చీలు ఇనపవి. మెత్తలు ఉన్నాయి.

అక్కడితో ఆగుంటే ఈ కథే లేదు. కానీ శుక్రవారం సెలవు పెట్టాలి కదా. ఆ రోజు తన పని ఎవరో ఒకరు చూడాలి కదా. అందుకని పక్క బల్ల శ్యాంప్రసాద్‌ని అడిగారు.

శ్యాంప్రసాద్‌ది కరీంనగర్. మంచివాడు. అదే సమస్య.

"లార్నకానా! అన్నా, నువ్వు మస్తు ఛుపా రుస్తుంవి! ఒక్క ముక్క చెప్పలే! నిఖిత రెండేండ్ల సంది నా పానం తీస్తుంది, యాడికన్న తీస్కపోమ్మని. మేం గూడ వస్తం. నువ్వు ప్లాన్ జేస్తె ఇంక నాకు ఫికరేంది?"

రావుగారు నోరు తెరిచారు. బయటికి వచ్చింది మాత్రం "అయ్యో, దాందేముంది శ్యామూ."

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు పుట్టింది. పేరు 'చలో లార్నకా'. మర్నాటికి ఇంకో మూడు కుటుంబాలు చేరాయి. ఆదివారం ఫ్లాట్‌లో మీటింగు. శ్రీసుధ ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి హోటల్ పోయి విల్లా వచ్చింది.

"హోటల్ల ఏం దింటం అక్కా?" అంది శ్యాంప్రసాద్ భార్య నిఖిత. "మా అత్తమ్మ గుడ్డు గూడ ముట్టది. విల్లా అయితె పెద్ద కిచెన్ ఉంటది. నువ్వున్నవ్ గదా, మాకేం రంది!"

"సముద్రం కనిపిస్తుందా?" అంది సుధ.

"మేడ మీదికెక్కితె కనవడుతదంట."

"వదినా, ఆ ఫిల్టరు మాత్రం మర్చిపోకు" అన్నాడు శ్యాంప్రసాద్, కప్పు ఖాళీ చేస్తూ. "ఆడ కాఫీ కషాయం లెక్కుంటదంట. రైస్ కుక్కర్ నేను వట్టుకొస్త, నా వంతు."

అందరూ వెళ్ళాక రావుగారు కప్పులు తీయడంలో సాయం చేశారు. ఆయన కప్పులు తీస్తున్నారంటే ఏదో అడగబోతున్నారని అర్థం.

"సుధా, ఆ హోటల్... రద్దు చేసెయ్. విల్లా ఖాయం అయింది."

"ఒక్కసారి కాదని అనలేకపోయారా?"

"ఎలా అంటాం? పాపం, ఆశపడ్డారు."

"నేనూ ఆశపడ్డానండీ."

"నువ్వు వస్తున్నావుగా! అదే సముద్రం!"

ఆవిడ ట్రే అందుకుని "సరే" అంది. సుధగారి 'సరే'లు రెండు రకాలు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక రకమే నేర్చుకున్నారు.

వీసాలు ఆయనే దగ్గరుండి పెట్టించారు. విమానంలో ఎవరు కిటికీ పక్క కూర్చోవాలో కూడా ఆయనే తేల్చారు. గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇంతలో ముదీర్ పిలిచాడు. ముదీర్ అంటే వాళ్ళ మేనేజరు, మంచి పొడుగరి ఈజిప్షియన్. అతని కంప్యూటర్ తెరమీద సెలవుల పట్టీ తెరిచి ఉంది. డిపార్ట్‌మెంటు సెలవుల ప్లాన్ కూడా రావుగారే వేస్తారు.

"రావ్, ఆ శనివారం కట్టడం బార్జ్ ఎక్కుతోంది. నీ పట్టీ ప్రకారం ప్లానింగ్‌లో ఉన్న ఇద్దరూ సైప్రస్‌లో ఉన్నారు. అది ఎలా ఎక్కుతుంది, ఈదుకుంటూనా?"

రావుగారు తన పట్టీని తానే మొదటిసారి చూసినట్టు చూశారు. అడిగినవాళ్ళందరికీ సెలవు ఇచ్చేశారు, తనతో సహా.

"ఒకడు ఉండాలి. ఎవరో నువ్వే చెప్పు. యల్లా, తొందరగా."

అద్దం అవతల శ్యాంప్రసాద్ కొత్త చలవ కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరికో చూపిస్తున్నాడు. 'శ్యామూ, నీకు కుదరదు.' మూడే మాటలు. మెయిల్ అయితే ఒక్క నిమిషం పని.

"నేనుంటాను" అన్నారు రావుగారు.

"ఖలాస్" అన్నాడు ముదీర్.

ఇంటికొచ్చి ఈ కబురు చెప్పినప్పుడు ఆయన గొంతులో త్యాగం తొణికిసలాడింది. సుధ చపాతీ తిప్పడం ఆపలేదు.

"నేనొక్కదాన్నే వెళ్ళాలా?"

"ఒక్కదానివేంటి? పదహారు మంది ఉన్నారు!"

"సరే" అంది. రెండో రకం.

శుక్రవారం మధ్యాహ్నం అందరినీ ఎయిర్‌పోర్టులో దింపింది ఆయనే. వెళ్తూ సుధ "ఫ్రిజ్‌లో పప్పు ఉంది" అంది. ఆయనకి హాయిగా అనిపించింది, పెద్ద గొడవ తప్పిందని.

శనివారం పొద్దున యార్డులో బార్జ్ ఒడ్డుకి ఆనుకుని ఉంది. రావుగారు హెల్మెట్ పెట్టుకుని నీళ్ళ ఒడ్డున కుర్చీలో కూర్చున్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆఫీసు కుర్రాడు కాఫీ తెచ్చి పెట్టాడు. రెండు గుక్కలు తాగాక గానీ ఆయనకి తట్టలేదు. సముద్రం. వేరేవాళ్ళు పెట్టిన కాఫీ. మూడో మనిషి లేడు. ఎదురుగా మాత్రం ఖాళీ.

అప్పుడే ఫోన్ మోగింది. శ్యాంప్రసాద్.

"అన్నా, నిన్నటి సంది నీకు చెప్దామా వద్దా అని ఆగిన. వదిన మాతోని విల్లాకి రాలేదే! ఈడ ఎయిర్‌పోర్టుల దిగంగనే ఫిల్టరు నిఖిత చేతిల వెట్టి, 'డికాక్షన్ నిదానంగ దిగనియ్యి' అని వేరే టాక్సీ ఎక్కి పోయింది. యాడికని అడిగితె, హోటల్ బుక్ చేస్కున్న అన్నది. ఏమన్న కొట్లాట అయిందా మీకు?"

"లేదు" అన్నారు రావుగారు. అది నిజమే.

"ఈడ పొయ్యి గూడ అంటుకుంటలేదన్నా. మా అమ్మ గరంగరం అయితుంది. జర వదినకి ఫోన్ జేసి ఓసారి రమ్మనరాదే? ఒక్క పూటకే."

బార్జ్ మీద ఎవరో జెండా ఊపారు. ఇనప కట్టడం అంగుళం అంగుళం కదులుతోంది. రావుగారు గొంతు సవరించుకున్నారు.

"కుదరదు శ్యామూ" అన్నారు.

"ఏందన్నా?"

"కుదరదు అన్నాను." చెప్పి పెట్టేశారు. ఆకాశమేమీ ఊడిపడలేదు. ఎంత తేలిక, ఒక నెల ముందే అనుంటే ఎంత బాగుండేది అనుకుంటూ సుధకి ఫోన్ చేశారు. ఆవిడ మూడో రింగుకే తీసింది. వెనకనించి అలల చప్పుడు.

"హోటల్ రద్దు చెయ్యలేదా?"

"లేదు."

"బాల్కనీలో ఉన్నావా?"

"ఊఁ. మీ కుర్చీలో బ్యాగు పెట్టాను."

ఆయన ఏదో పెద్ద మాట అనాలనుకున్నారు. శ్యాంప్రసాద్‌కి కాదని చెప్పానని చెబుదామనుకున్నారు. ఆ చెప్పడం ఎంత ఆలస్యమో నోటిదాకా వచ్చాక తెలిసింది. చివరికి "కాఫీ ఎలా ఉంది?" అన్నారు.

"అస్సలు బాలేదండీ. చిన్న కప్పు, అడుగున అంతా మడ్డి." ఒక గుక్క తాగిన చప్పుడు. "ఇంకో కప్పు చెప్పాను."