హజరాబీ రాసిన కారణాలు

హిందూపురంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో హజరాబీ నర్సు. కాన్పుల రిజిస్టరు రాయడం ఆమె పని. ఆపరేషన్ జరిగిన ప్రతిసారీ చివరి గడిలో కారణం రాయాలి. డాక్టరు చేతులు కడుక్కుంటూ 'బిడ్డ గుండె చప్పుడు తగ్గింది' అనేవాడు, ఈమె రాసేది. పదకొండేళ్లలో నిజమేనా అని అడిగిన పాపాన పోలేదు.

ధర్మవరంలో కూతురు షబానాకు తొలికాన్పులో అలాగే కోత పడింది. రెండో కాన్పులో, 2002లో, గర్భసంచి మీది ఆ పాత కుట్టు తెగి బిడ్డ దక్కలేదు. మొదటిసారి ఎందుకు కోశారని పాత కాగితాలు తీసి చూస్తే అదే మాట. నొప్పులు బాగానే వచ్చాయనీ, మర్నాడు ఆదివారమని తొందరపడ్డారనీ అక్కడి నర్సే చెప్పింది. హజరాబీ ఆ రోజు కూతురి కోసం ఏడ్చింది, తన చేతిరాతను తలచుకునీ ఏడ్చింది.

తిరిగి డ్యూటీకెక్కాక ఉన్నదున్నట్టు రాయసాగింది. 'ముహూర్తం కోసం.' 'రేపు అమావాస్య.' 'సాయంత్రం సార్ ఊరికి పోవాలి.' డాక్టరు సంతకం పెట్టేవాడే గానీ చదివేవాడు కాదు.

మరుసటేడు పెనుకొండ నుంచి ధరణి తొలికాన్పుకు వచ్చింది. నొప్పులు బాగున్నాయి, బిడ్డ బాగుంది. మూడు గంటలకు అమావాస్య వస్తుందని తల్లి అలివేలమ్మకు గుబులు.

"అంతలోపల కోసి తీసేయమనమ్మా. అమావాస్య బిడ్డంటే దీని అత్తగారోళ్లు ఊరుకోరు," అంది హజరాబీతో.

ఆ మాట విన్న డాక్టరు సరేనన్నాడు. హజరాబీ థియేటరు సర్దలేదు, రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

"కారణం ముందే చెప్పండి సార్. ఏమని రాయల్ల?"

ఆయన పై వరుసలు చూశాడు. పేజీ తిప్పాడు, మరోటి తిప్పాడు. ప్రతి పేజీ కిందా తన సంతకమే. మొహం మాడిపోయింది. రిజిస్టరు మూసి, ఆగుదామన్నాడు.

హజరాబీ ధరణిని చేయిపట్టి వరండాలో నడిపించింది. ఐదున్నరకు కోత లేకుండానే ఆడబిడ్డ పుట్టింది. అలివేలమ్మ బిడ్డను ఎత్తుకోలేదు, హజరాబీతో మాట్లాడలేదు.

డాక్టరు హజరాబీని పనిలోంచి తీసేయలేదు. చదివి సంతకం పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు సగానికి తగ్గాయి.

మూడేళ్లకు ధరణి రెండో కాన్పుకు వచ్చింది. వెంట అలివేలమ్మ, ఆమె కొంగు పట్టుకుని ఆ అమావాస్య పిల్ల. ఈసారి అలివేలమ్మ తిథి అడగలేదు.

"ఆ నర్సమ్మ ఉండాదా?" అని మాత్రం అడిగింది.

హజరాబీ వచ్చి పిల్లను ఎత్తుకుంది. షబానా రెండో బిడ్డ బతికుంటే దీనికంటే ఒక్క ఏడాది పెద్ద.