షామియానాలో ఆరు బర్రెలు

లాల్‌దర్వాజాలో పాలు పోసే ఆండాలుకు పగ పట్టడం తెలుసు. నాలాగా రెండు రోజులు తిట్టి మూడో రోజు మరిచిపోయే రకం కాదు. ఆమెలో నాకు నచ్చిందీ అదే.

నా కుట్టుమిషన్‌కు ఎదురుగానే ఆమె కొట్టం ఉండేది, అందులో ఆరు బర్రెలు. ఆ జాగాకు కాగితం లేదు, మూడు తరాల పేడ మాత్రం ఉండేది. ఎనభై ఒకటిలో పాత పార్టీ లీడర్ వైకుంఠం, రోడ్డు వెడల్పు చేస్తున్నారని చెప్పి, తన మనుషులతో ఒక్క పూటలో కొట్టం కూలగొట్టించాడు. రోడ్డు అంగుళం పెరగలేదు. సగం జాగాలో ఆయన అద్దె దుకాణాల మల్గీలు లేచాయి, మిగతా సగం ఆయన ఇంటి వాకిలయింది. ఆండాలు బర్రెలను యాకుత్‌పురా స్టేషన్ దగ్గర చెల్లెలి దొడ్లో కట్టేసి, రోజూ బిందె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది.

మరుసటేడు కొత్త పార్టీ పుట్టింది. మా గల్లీలో దాని మనిషి రాజన్న. మొదటి మీటింగులోనే మైకు పట్టుకుని, "ఆడమనిషి కొట్టం కూలగొట్టిన దొంగ వైకుంఠం! మేం గెలిస్తె ఆ జాగ ఆండాలక్కదే!" అన్నాడు. ఆండాలు ఆ ఒక్క మాట పట్టుకుంది. పాత పార్టీ వాళ్ల ఇళ్లకు పాలు బంద్ చేసింది. "మీ లీడర్‌నే పిండుకోండ్రి" అని గుమ్మంలోనే చెప్పి వచ్చేది. పాలు పోసే ఇళ్లు సగం పోయాయి. అయినా ఫికర్ పడలేదు. ఎనభై మూడు జనవరిలో కొత్త పార్టీ గెలిచిన రోజు ఆమె గల్లీ అంతా పంచిన కోవా నేనూ తిన్నాను.

తర్వాత పది నెలలు రాజన్న గడప తొక్కింది. "జర ఓపిక పట్టక్కా, ఫైలు నడుస్తున్నది" అనేవాడు వెధవ.

ఒక పొద్దున పాలు పోస్తుంటే రాజన్న భార్య చంద్రమ్మ అంది: "ఐతారం దావత్ ఉన్నదక్కా. నాలుగు గంగాళాల పెరుగు గావాలె. మా పిలగానికి వైకుంఠం బిడ్డను ఖాయం జేసినం. దావత్ వాళ్ల వాకిట్లనే."

"మరి మైకుల తిట్టిండు గదా?"

"అది పార్టీ అక్కా, ఇది ఇల్లు. వాళ్లిద్దరు చిన్నప్పటి సంది దోస్తులు. నీకు తెల్వదా?"

ఆండాలు నేరుగా వచ్చి నా అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. "పాలల్ల నీళ్లు కలిపితె పట్టుకుంట ఓదెలూ. వీళ్లు నీళ్లల్ల నీళ్లు కలిపిండ్రు. ఎట్ల పట్టుకోవాలె?" అంది. నేను మిషన్ ఆపేసి ఇద్దరినీ కలిపి తిట్టాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం విందుకు పెరుగు రాలేదు. ఆరు బర్రెలొచ్చాయి. ఆండాలు గల్లీ మొగదల పలుపులు వదిలేసింది. ఏళ్ల తరబడి కుడితి తాగిన చోటు, వాటికి దారి చూపాలా? తిన్నగా వైకుంఠం వాకిట్లోని షామియానాలోకి నడిచి, తమ తమ జాగాల్లో నిలబడ్డాయి. బల్లలు బోర్లాపడ్డాయి. ఒకటి బగారన్నం డేగిశాలో మూతి పెట్టింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

వైకుంఠం, రాజన్న ఇద్దరూ ఉరికొచ్చారు.

"పిచ్చి లేసిందా ఆండాలూ?"

"ఇజ్జత్ తియ్యకక్కా, తోల్కపో!"

ఆండాలు పెరుగు కోసం పెట్టిన ఖాళీ గంగాళం బోర్లేసి దాని మీద కూర్చుంది. "తోల్కపోత రాజన్నా. ఆ దినం మైకుల ఏమన్నవో, గిప్పుడు గీ మంది ముంగట, గీయన మొకం మీద ఒక్కసారి అను. దొంగ అను. గంతే."

అందరూ చూస్తున్నారు. రాజన్న వియ్యంకుడి వైపు చూశాడు, నేల చూశాడు. చివరికి పార్టీలు రెండూ ఏకమై ఒకే పలుపు పట్టి గుంజాయి. పరాయి చేతికి బర్రె కదిలితే కదా! చుట్టాలు రోడ్డు మీద నిలబడి తిన్నారు. ఆండాలు సాయంత్రం దాకా లేవలేదు.

జాగా ఆమెకు రాలేదు. ఇప్పటికీ యాకుత్‌పురా నుంచి నడిచే వస్తుంది. కానీ అటు తర్వాత లాల్‌దర్వాజా మీటింగుల్లో వీళ్లిద్దరిలో ఎవడు మైకు పట్టుకుని రెండోవాణ్ణి తిట్టబోయినా, జనంలోంచి ఎవరో ఒకరు బర్రెలాగా అరుస్తారు. ఇక ఆ రోజు మీటింగు సాగదు. మొదటిసారి అరిచింది నేనే.