అత్తయ్య చేసిన ఉపవాసం

నా చిన్నప్పుడు, గోదావరి పొంగి లంకలు మునిగిన ఏడాది, రాజోలు దగ్గరున్న మా ఊరి చర్చిలో లంకవాళ్లకు చోటిచ్చారు. వాళ్లందరికీ వంట మా చిన్నత్తయ్యే చూసింది. ఆవిడ బడిపంతులమ్మ. సండేస్కూలు, పాటలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చెయ్యడం, అన్నీ అంతకుముందే ఆవిడ నెత్తిన ఉన్నాయి. కాదనడం ఆవిడకు చేతకాదని అందరికీ తెలుసు. తెలిసే అడిగేవారు.

పొయ్యి దగ్గర తినడానికి తీరిక ఉండేది కాదు. మా నానమ్మ కంచం పట్టుకెళ్తే, "ఉపవాసంలో ఉన్నానమ్మా" అనేది అత్తయ్య. మా ఇళ్లలో ఆ మాట అన్నాక ఇంకెవరూ బలవంతం చెయ్యరు. నానమ్మ కూడా కంచం వెనక్కి తెచ్చేసేది.

ఒక మధ్యాహ్నం గంజి వారుస్తూ అత్తయ్య కళ్లు తిరిగి పడిపోయింది. మరిగే గంజి కాళ్ల మీద ఒలికింది. ఆ కేక నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మంచాన పడ్డ మనిషిని చూడడానికి వచ్చినవాళ్లు ఆవిడ ఉపవాసాన్ని తెగ పొగిడారు. మళ్లీ ఎప్పటికి లేస్తావని కూడా అడిగారు. వాళ్లు వెళ్లాక నానమ్మ ఊరుకోలేదు.

"ఉపవాసమంటే దేవుడి దగ్గర కూర్చోడమే. నువ్వెప్పుడు కూర్చున్నావు? తిండి మానేసేవు, అంతే."

అత్తయ్య గోడవైపు తిరిగి, "నాకు ప్రార్థన రావట్లేదమ్మా. ఊరందరి కోసం చేస్తున్నాను, నాకోసం ఒక్క మాటా రావట్లేదు" అని ఏడ్చింది. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు అంతవరకు తెలియదు. భయమేసింది.

మర్నాటి నుంచి నానమ్మ ఉదయాన్నే తలుపు గడియ వేసేది. ముందు అత్తయ్యకు అన్నం పెట్టేది. తర్వాత నాచేత ఒక కీర్తన చదివించి, తానే ప్రార్థన చేసేది. అత్తయ్య ఆమెన్ అంటే చాలు. ఒక్కోరోజు అదీ అనేది కాదు. ఎవరైనా పని పురమాయించడానికి తలుపు కొడితే, నానమ్మ లోపలి నుంచే, "మా అమ్మాయి దేవుడి దగ్గరుందండీ, తర్వాత రండి" అనేది. ఆ మాట విన్నాక వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోయేవారు.

అత్తయ్య లేచింది గానీ, బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచింది. ఆవిడ మంచాన పడ్డాక చర్చిలో వంటపనికి ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ముందే వేసుకుని ఉంటే ఆ కాళ్లు బాగుండేవి. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఇప్పుడు సంఘంలో నేనూ పెద్దదాన్ని. చెయ్యలేనప్పుడు "నావల్ల కాదండీ" అంటాను. సిగ్గేసినా అంటాను. పొద్దున్నే నాలుగు ముద్దలు తిని, తలుపు వేసుకుని కూర్చుంటాను. కొన్ని రోజులు ఒక్క మాటా రాదు. అయినా లేవను.