మా మామ వంగతోట మట్టిలో

తామరైపాక్కం అనే ఊళ్లో మా మేనమామ వంగతోటలో కలుపు రాకుండా ఏటా ప్లాస్టిక్ షీటు పరిచేవాడు. చినిగిన ముక్కలు మట్టిలోనే కలిసిపోయేవి. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఒకరోజు ఆ తడిమట్టిని మైక్రోస్కోపు కింద పెట్టి ఆయనకు చూపించాను. పారదర్శకమైన ఏకకణజీవి ఒకటి ఈదుతోంది. దాని లోపల నల్లటి నలుసులున్నాయి.

"అవి యాడ నించి వచ్చినాయమ్మా?"

"నీ షీటువే మామా. మేతనుకొని మింగేసినాది, అరగదు. ఈ జీవులు మట్టిలో బ్యాక్టీరియాను తిని, దాంట్లోని సత్తువను మట్టికి వదిలితేనే పైరుకు అందేది."

మామ చాలాసేపు కన్ను తీయలేదు. "పాపం, కడుపు నిండిందనుకొంటా ఉంటాది," అన్నాడు.

మరుసటి వారం ఇద్దరం కలిసి దొరికిన ముక్కలన్నీ ఏరాం. ఈ ఏడు ఆయన వరిగడ్డి పరిచాడు. కలుపు ఎక్కువే వచ్చింది, అయినా విసుక్కోలేదు. పాత నలుసులు పోవని ఇద్దరికీ తెలుసు. మా చేతులతో కొత్తవి మాత్రం చేరవు.