ఎత్తకూడని ఫోను

మా అమ్మ బీరువాలో, పాత చీరల కింద, ఒక మీటల ఫోను ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనకమూత పట్టడం మానేసింది, రబ్బరు మీటల మీద అంకెలు అరిగిపోయాయి, దాన్ని చుట్టి ఉంచిన ప్లాస్టిక్ కవరు విప్పితే కొబ్బరినూనె, ఎండుచేపలు కలిసిన మా మండవల్లి వంటింటి వాసన ఇప్పటికీ వస్తుంది.

మా నాన్న ఆకివీడు నుంచి చేపల లారీ తోలేవాడు. ఐసులో సర్దిన బొచ్చెలూ శీలావతులూ ఎక్కించుకుని కలకత్తా వైపు వెళితే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. ఆ ఫోను వచ్చాక మాత్రం రోజూ సాయంత్రం, చెరువుల మీంచి నాచు వాసన తేలి వచ్చే వేళ, నాయనమ్మ గడప దగ్గర బూడిద పెట్టి బొమ్మిడాయిలు రుద్దుతుండగా, సిగ్నలు అందే ఒకే ఒక్క చోటైన కిటికీ ఊచకు వేలాడే ఆ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. అంటే నాన్న క్షేమం. దాన్ని ఎత్తకూడదు. ఎత్తితే ఆయన కార్డులో డబ్బులు కోసేస్తారు, రాష్ట్రం దాటితే మరీను. ఊరంతా అలాగే మాట్లాడుకునేది. చేలో ఉన్నవాడికి అన్నం వేళయినా, బస్సు దిగినవాడికి ఆటో కావాలన్నా ఒక మోతే. అది మోగగానే అమ్మ "చేరారంట అత్తయ్యా" అని, చెయ్యి కడుక్కుని నాకు అన్నం కలిపేది. ఆ పూట పులుసులో మామిడికాయ టెంక నాకే వచ్చేది.

ఒక వానాకాలం సాయంత్రం ఫోను మోగింది, ఆగలేదు. అమ్మ పిండి చేతులతో కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎత్తకే అమ్మాయ్! జేబులో నొక్కుకుపోయుంటాది. ఆడి డబ్బులు కటయిపోతాయి" అంది నాయనమ్మ.

ఆగి, మళ్లీ మోగింది. అమ్మ చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. "ఇయ్యాల మీ నాన్నకి బెంగెక్కువైందే" అని నాతో అంటూ సిగ్గుపడి నవ్వింది.

తెల్లారి లారీ ఓనరు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఒరిస్సాలో రోడ్డు పక్కన లారీ ఆపుకుని, గుండె పట్టేసి, నాన్న స్టీరింగు మీదే ఒరిగిపోయాడట.

"నిన్న సాయంత్రం మీకేమన్నా ఫోన్ చేశాడామ్మా?"

"చేశారండీ" అంది అమ్మ.

పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు, బంధువులు రాత అన్నారు. పెద్దయ్యాక ఆ రెండు మాటలతోనూ వేదికలెక్కి పోట్లాడాను. మాటకు ధర కట్టి, ఆ ధర భరించలేని మనుషులకు మూగగా బతకడం నేర్పిన వ్యాపారానికి చిత్తమనీ రాతనీ పేర్లెందుకని నిలదీశాను. నా వాదాన్ని ఎవరూ కాదనలేకపోయారు. అమ్మకు దానితో ఏం ఒరిగింది? ఎత్తినా నాన్న బతికేవాడు కాడని డాక్టర్లను అడిగి మరీ చెప్పాను. "బతకడం సంగతి కాదే. ఏం చెబుదామనుకున్నారో" అంది.

ఇప్పుడు అమ్మ ఏలూరులో నా దగ్గరే ఉంటుంది. చేతిలో మనుషుల ముఖాలు కనిపించే ఫోను, ఎంత మాట్లాడినా అదే ఖర్చు. ఒక్క మోత ఇచ్చి ఆపేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అమ్మ ఫోను రెండోసారి మోగదు, స్నానం మధ్యలోనైనా తడిచేత్తో ఎత్తేస్తుంది. నిన్న ఏదో కంపెనీ రికార్డు గొంతు లోను ఇస్తామంటుంటే "ఆఁ, చెప్పండి... చెప్పండి" అంటోంది.

"మనిషి కాదమ్మా అది, మిషను. పెట్టెయ్యి" అన్నాను.

చేత్తోనే నన్ను ఊరుకోమంది. ఆ గొంతు చెప్పాల్సిందంతా చెప్పి ఆగిపోయేదాకా విని, అప్పుడు "ఉంటానండీ" అంది.