చుక్కలు మాత్రమే ఉన్న హాలు

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ముగ్గుపిండి ముట్టుకునే ముందు బడి వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయింది. నేను చదివి వదిలేసిన ఆడపిల్లల బడిలో ప్రదర్శన పెట్టారు. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన డ్రాయింగు టీచరు గోడకు ఒక్క బొమ్మ కూడా తగిలించలేదు. హాలు నేలంతా చుక్కలు పెట్టి, మధ్యలో పిండి బేసిను ఉంచి, తెలుగులో, కన్నడంలో పలక మీద రాసింది: "మీరే కలపండి. అదే బొమ్మ."

సాయంత్రం దాకా ఎవరూ కలపకపోతే ఊడ్పించేస్తాననీ, ఇక హాలు ఇవ్వననీ హెడ్మిస్ట్రెస్ ఆమెతో అనడం నేను విన్నాను.

వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి గోడవారగా నిలబడ్డారు. పక్కనున్న మోక పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ కొప్పులోని కనకాంబరాలు తీసి చుక్కల మీద పెట్టి దండం పెట్టింది. అంతే, ఇక ఎవరూ అడుగు వేయలేదు. పూజ జరిగిన చోటును ఎవరు తొక్కుతారు?

"అయ్యవారు యాడ? పూజ ఎప్పుడు మొదలైతాది?" అని ఎవరో అడిగారు.

టీచరు నవ్వుతూనే గోరు కొరుక్కుంటోంది. పొద్దు వాలుతోంది. వరండాలో మగవాళ్ళు తొంగి చూస్తున్నారు. తెల్లవారకముందే, ఎవరూ లేవకముందే ముగ్గు వేసి లోపలికి పోయే అలవాటు నాది.

"ఏందే, యాడికి పోతాండావు?" అంది నాతో వచ్చిన వదిన.

బడి వెనక్కి పోయాను. నోరు కడుక్కుని వచ్చి, ఆ పూలు కళ్ళకద్దుకుని కిటికీలో పెట్టాను. పిండి తీసుకుని గీత లాగాను. అది వంకరపోయింది.

"ఓ యమ్మా! ఆ చుక్క ఇడిసిపెడ్తివి గదే! మీ అమ్మ ఏం నేర్పిందే నీకు?" అంటూ అవ్వ చీర ఎగదోపి నా పక్కన కూర్చుంది. ఆమె వేసింది తప్పని ఇంకొకామె దిగింది. వదిన కూడా దిగింది. హాలంతా తగవులే.

హెడ్మిస్ట్రెస్ చీపురు పట్టుకున్న ఆయాతో గడపలోకి వచ్చింది. కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఎవరు మొదలుపెట్టింది?"

నేను పిండి చేతులు చీరకు తుడుచుకున్నాను.

"నేనే. ఏం, నువ్వూ ఒక గీత గీస్తావా తల్లీ?" అంది అవ్వ.

హెడ్మిస్ట్రెస్ నేలవైపు చూసి, "రేపు ఊడువు" అని ఆయాను పంపేసింది. టీచరు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

బస్సుకు పొద్దుపోతోందని అవ్వ లేచింది. ఆ తర్వాత ఆమెను నేను మళ్ళీ చూడలేదు. పోతూ పోతూ నా చెవి దగ్గర వంగి అంది:

"నీ గీత ఇంగా వంకరగానే ఉండాది. చూసుకో."