అన్న పలక వేడి

నేను అబద్ధాలకోరునని ఊరందరికీ తెలుసు. చేవెళ్ల బస్టాండులో టైమెంతో చెప్పినా జనం ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటారు.

అన్న పోయిన పదిహేను రోజులకు వాళ్ళ ఊరు ఎంకపల్లి వెళ్ళాను. ఆయన పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్‌ను వదిన అన్న ఫొటో ముందు పెట్టింది. దాన్ని ఆమె పలక అంటుంది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే చదివి పక్కన పెట్టినట్టు. పొద్దున నిండిన ఛార్జింగు సాయంత్రానికి అడుగంటుతోందట.

"ముట్టుకున్నోళ్ళే లేరు. ఎట్ల దిగుతున్నది?" అంది.

ఆమెను కాస్త నవ్విద్దామనుకున్నాను. "అన్న చదువుతున్నడు వదినా. బతికున్నప్పుడు నువ్వు చదవనిచ్చినవా?"

వదిన నవ్వలేదు. ఆనాటి నుంచి పొద్దుగూకగానే పలకకు ఛార్జర్ పెట్టి, పక్కన గ్లాసులో చాయ్ పెడుతోంది. తన ఎడమ కంటికి పొర ముదిరి, ఆపరేషన్‌కు రెండుసార్లు తేదీ ఇచ్చినా పోలేదు. "ఒక రాత్రి దవాఖానల ఉంటే పలకకు కరెంటెవరు పెడ్తరు? ఆయన సగంల ఆగుతడు."

నా సరదా ఆమె కన్ను మీదికి వచ్చింది. పలకను మొయినాబాద్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణానికి పట్టుకుపోయాను. అర్థంలేని మాటేదైనా కొట్టి పలకలోని పుస్తకాల్లో వెతకమన్నాడు దుకాణమాయన. వెతికితే మాట దొరకలేదు గానీ, ఒక పుస్తకం ఇంకా ఇండెక్స్ కాలేదని కింద చూపించింది.

"కొత్త పుస్తకం ఎక్కంగనే ఏ మాట యాడున్నదో మొత్తం రాసుకుంటదన్నా. రాసుకునేదాక పండుకోదు. ఇదేమో నెట్ల నుంచి సగమే దిగింది. సగందాక పోతది, మళ్ళ మొదటికొస్తది. బ్యాటరీ గిట్లనే అయిపోతది. తీసేస్తే ఫికర్ లేదు."

ఆ పుస్తకం దిగిన తేదీ చూశాను. అన్న దవాఖానలో ఉన్న చివరి రోజు.

వదినకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"నీ అబద్ధాలల్ల గిది పెద్దది" అంది. "ఆయన చదువుతున్నడంటే నమ్మొచ్చు. పలక తనంతట తనే మాటలు ఏరుకుంట కూసుంటదా?"

"అయితే ఆ పుస్తకం నువ్వే తీసెయ్యి. రేపు సాయంత్రం కూడా ఛార్జింగ్ దిగితే, ఇగ నేను నోరు తెరువ."

ఆమె వేలు ఆ పుస్తకం మీద చాలాసేపు ఆగింది. "ఇది ఆయన చదవనే లేదు కద" అని, నొక్కింది.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. "పలక చల్లబడ్డది. చదువుడు అయిపోయినట్టుంది. దవాఖానకు ఎప్పుడు పోదాం?"

కంటి కట్టు విప్పాక పలకను నాకే ఇచ్చేసింది. ఇప్పుడు ఒకసారి ఛార్జింగు పెడితే వారాలు వస్తుంది. అయినా పొద్దుగూకే వేళకు దాని వీపు మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. ఈ మాట చేవెళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు.